కన్నీళ్ళు సాక్ష్యమా?

ఊరు పోగొట్టుకున్న మనిషి మన ఎదుట నిలబడినప్పుడు మనం రెండు విషయాలు చూస్తాము. ఒకటి ముఖం, రెండవది మాట. ముఖాన కన్నీళ్ళు కారుతూ, మాట మొదటినుంచి చివరిదాకా తడబడకుండా వస్తే ‘అయ్యో పాపం’ అంటాము. కంట తడి లేకుండా రాయిలా కూర్చుని, అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెబితే ‘ఈమెకు అంత బాధేమీ ఉన్నట్టు లేదే’ అని మనసులో అనుకుంటాము. నిన్న చెప్పింది ఒకలా, ఈరోజు చెప్పింది మరొకలా ఉంటే ఇక చెప్పనక్కరలేదు, పూటకో మాట మాట్లాడుతున్నదని తేల్చివేస్తాము. నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదని మనవాళ్ళు ఒక సామెత కూడా చేసిపెట్టారు. దాని ప్రకారం ఆడది ఏడవాలి, మగవాడు ఏడవకూడదు. ఆ లెక్క తప్పిందా, మనిషి అబద్ధమన్నమాటే! ముఖం చూసి మనిషిని తూచే అలవాటు మనకు అంత పాతది.

ఈ తూకం న్యాయమైనదేనా? ఇదేదో వైద్యులు చూసుకోవలసిన సంగతిలా కనిపించవచ్చు గాని నిజానికి ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. ఎందుకంటే ఈ తూకం మీదనే ఒకరికి ఇంటిస్థలం దక్కుతున్నది, ఇంకొకరికి దక్కటం లేదు. ఒకరి సాక్ష్యం కోర్టులో నిలుస్తున్నది, ఇంకొకరిది వీగిపోతున్నది. పరాయి దేశం పారిపోయినవారిలో ఒకరికి ఆశ్రయం దొరుకుతున్నది, మరొకరిని వెనక్కి విమానం ఎక్కిస్తున్నారు.

శరణార్థి అనగానే మనకు ఎక్కడో ఆఫ్రికాలోని గుడారాలు, సముద్రంలో మునిగే పడవలు గుర్తుకు వస్తాయి. 2024 చివరినాటికి యుద్ధాలవల్ల, హింసవల్ల, వేధింపులవల్ల ఇల్లూ వాకిలీ వదలవలసివచ్చినవారు 12 కోట్ల 32 లక్షలమంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క వేసింది. వారిలో సగానికి పైగా తమ దేశపు సరిహద్దు దాటనే లేదు. అంటే సొంత దేశంలోనే, ఒక్కొక్కసారి సొంత జిల్లాలోనే, పరాయివాళ్ళయినవారు. శరణార్థుల హక్కులను గురించి 1951లో జరిగిన అంతర్జాతీయ ఒడంబడిక మీద మన దేశం సంతకం పెట్టలేదు. ఇక ఆనకట్టల కోసం, జలాశయాల కోసం ఊళ్ళు ఖాళీ చేసినవారైతే పైన చెప్పిన లెక్కలో చేరనే చేరరు. వారిని మనం శరణార్థులని కూడా అనము, ‘నిర్వాసితులు’ అంటాము. ఆఫీసు కాగితాలలో ‘ముంపు బాధితులు’ అని రాస్తారు.

మన ప్రకాశం జిల్లాకు ఈ రెండు అనుభవాలూ తెలుసు. 1985 జూలై 17న కారంచేడులో (ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది) భూస్వాముల దాడిలో ఆరుగురు దళితులు చనిపోయారు. మిగిలినవారు పిల్లాజెల్లాతో చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఎవరెన్ని చెప్పినా తిరిగి ఆ ఊరు పోమన్నారు. చివరకు చీరాలలోనే వారికి విజయనగర్ కాలనీ ఏర్పడింది. సరిహద్దులేవీ దాటకపోయినా వారు శరణార్థులే. ప్రాణభయంతో పారిపోయి, తిరిగి పోలేని స్థితిలో ఉన్నవారిని ఇంకేమని పిలవాలి?

రెండవ అనుభవం మనకు ఇంకా దగ్గరిది, ఇంకా ముగియనిది. వెలిగొండ ప్రాజెక్టు కింద నల్లమల సాగర్ జలాశయంలో మునిగే సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ మొదలైన పదకొండు గ్రామాలవారి సంగతి. ఏడు వేలకు పైగా కుటుంబాలు. కారంచేడునూ సుంకేసులనూ ఒకే గాట కట్టటం నా ఉద్దేశం కాదు. కత్తికి ఎదురు నిలిచినవాడి భయమూ, నీటికి ఊరు వదిలేవాడి దిగులూ ఒకటి కావు. అయితే ఇద్దరినీ మనం ఒకే తూకంతో తూస్తున్నాము గనుక ఇద్దరి గురించీ ఒకే చోట మాట్లాడవలసి వస్తున్నది.

ముందు భయం సంగతి చూద్దాము. తీవ్రమైన భయం కలిగినప్పుడు మెదడులో ఏమి జరుగుతుందన్నది గత నలభై ఏళ్ళలో శాస్త్రజ్ఞులు చాలావరకు తెలుసుకున్నారు. దానిని మన పల్లె భాషలో చెప్పుకోవచ్చు. మెదడు లోపల బాదంగింజంత భాగం ఒకటి ఉన్నది, పేరు అమిగ్డలా. చేలో మంచె మీద కాపలా కూర్చున్నవాడివంటిది అది. అడవిపంది అలికిడి వినగానే, అది పందేనా గాలికి కదిలిన ఆకేనా అని ఆలోచించకుండా కేక పెడుతుంది. ఆ కేకకు గుండె వేగం పెరుగుతుంది, చేతులు చెమర్చుతాయి, కాళ్ళు పరుగుకు సిద్ధమవుతాయి. దాని పక్కనే హిప్పోక్యాంపస్ అనే మరొక భాగం ఉన్నది. అది పాతకాలపు కరణంవంటిది. ఏమి జరిగింది, ఎక్కడ జరిగింది, ఏది ముందు, ఏది వెనుక అన్నది వరుసగా చిట్టాలో ఎక్కిస్తుంది. ఇక నుదుటి వెనుక ఉన్న భాగం ఇంటి పెద్దవంటిది. ‘ఊరుకోరా, అది ఆకు అలికిడే’ అని కాపలావాణ్ణి సముదాయిస్తుంది.

మామూలు రోజులలో ఈ ముగ్గురూ ఒకరి మాట ఒకరు వింటూ పని చేస్తారు. ప్రాణం మీదికి వచ్చిన రోజున అలా జరగదు. కాపలావాడి కేకలు మిన్నంటుతాయి, పెద్దాయన మాట ఎవరికీ వినిపించదు, కరణం చేతిలోని కలం జారిపోతుంది. ఆనాటి జ్ఞాపకం అందుకే తక్కిన జ్ఞాపకాలలాగా తేదీ, వరుస ఉన్న కథగా నమోదు కాదు. ఒక వాసన, ఒక అరుపు, మండుతున్న గడ్డివామి వెలుగు, ఎవరిదో చేయి. ఇలా ముక్కలు ముక్కలుగా మిగిలిపోతుంది. తేదీ లేని జ్ఞాపకం కాబట్టి అది ‘అప్పుడు’ జరిగినట్టుగా గాక ‘ఇప్పుడు’ జరుగుతున్నట్టుగా తిరిగి వస్తుంది. దీపావళి టపాకాయ పేలితే మంచం కిందికి దూరే మనిషి నటించటం లేదు. అతని కాపలావాడు ఇంకా మంచె దిగలేదు, అంతే. తాడును చూసి పామనుకునే మనిషిని మనం నవ్వుతాము గాని, పాము ఒకసారి కరిచినవాడికి ఆ తేడా తెలుసుకునే తీరిక మెదడు ఇవ్వదు.

అమెరికాలోని మనోవైద్యుల సంఘం 1980లో ఈ స్థితికి ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అని పేరు పెట్టి తమ వ్యాధుల పట్టికలో చేర్చింది. ఆ తరువాత చాలాకాలం ఈ రోగులందరూ ఉలికిపడేవారే, కేకలు పెట్టేవారే అనుకున్నారు. పరీక్షించి చూస్తే ఇంకొక రకంవారు కూడా ఉన్నారని తేలింది. వారికి జరిగిన ఘోరాన్ని గుర్తుచేస్తే గుండె వేగం పెరగదు, కళ్ళు చెమర్చవు. ‘అదంతా ఎవరికో జరిగినట్టు ఉంది’ అంటారు. వారి మెదడులో ఇంటి పెద్ద కాపలావాడి నోరు పూర్తిగా నొక్కివేశాడు. భయం ఒక్కటే పోతే బాగుండేది. దానితోపాటు సంతోషం, ప్రేమ, ఆకలి, అన్నీ మొద్దుబారిపోతాయి. బిడ్డ నవ్వుతూ వచ్చి మెడకు చుట్టుకున్నా ఆ తల్లికి ఏమీ అనిపించదు, అనిపించటం లేదే అన్న దిగులు మాత్రం ఉంటుంది. ఆ వైద్యుల పట్టిక 2013 కూర్పులో ఈ రకానికి ప్రత్యేకంగా చోటు దొరికింది.

ఇప్పుడు మన తూకం దగ్గరికి రండి. ఏడవలేదు కాబట్టి బాధ లేదు అన్నాము. కాని ఏడవకపోవటమే కొందరి విషయంలో బాధ ఎంత లోతుకు దిగిందో చెప్పే గుర్తు అని తెలుస్తున్నది. మన ఊళ్ళలో ఇలాంటి తల్లిని చూసి ‘గుండె రాయి చేసుకుంది’ అంటారు. ఆ మాట అన్నవారెవరో నిజం తెలిసి అన్నారు. మనం మాత్రం దానిని మెచ్చుకోలుగానో ఎత్తిపొడుపుగానో వాడుతున్నాము.

కళ్ళు చెప్పనిది ఒక్కొక్కసారి ఒళ్ళు చెబుతుంది. గుండె దడ, అరికాళ్ళ మంటలు, తలనొప్పి, నిద్ర పట్టకపోవటం, ‘ఒంట్లో సత్తువ లేదయ్యా’ అనటం. ఇలాంటివారు ఆసుపత్రికి వచ్చి నొప్పి మాత్రలు, బలానికి సూదిమందు తీసుకుని వెళ్ళిపోతారు. ఇల్లు పోయిన సంగతి ఎవరూ అడగరు, వారూ చెప్పరు. మగవారి విషయంలో అది తరచు కోపంగానో సారాయిగానో బయటపడుతుంది. దానిని చూసి ‘పరిహారం డబ్బులు తాగి తగలేస్తున్నాడు’ అని తీర్పు చెప్పటం సులభం. కొందరి విషయంలో ఆ తీర్పు నిజం కూడా కావచ్చు. అందరి విషయంలో కాదు.

ముఖం సంగతి ఇలా ఉంటే, ఇక మాట సంగతి. నాకు దీనిలోనే పెద్ద అన్యాయం కనిపిస్తున్నది. లండన్ పరిశోధకులు కొందరు, బ్రిటన్‌లో ఆశ్రయం పొందిన కొసావో, బోస్నియా శరణార్థులు 39 మందిని రెండు వేరువేరు సార్లు కలిసి, జరిగిన సంఘటనను గురించి అవే ప్రశ్నలు అడిగారు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. వీరు అప్పటికే ఆశ్రయం దొరికినవారు. అబద్ధం ఆడవలసిన అవసరం లేదు, ఆడితే వచ్చే లాభమూ లేదు. అయినా రెండుసార్లు చెప్పిన సంగతులకు తేడాలు వచ్చాయి. ముఖ్య విషయాలలో కంటే చిల్లర వివరాలలో ఎక్కువ తేడాలు వచ్చాయి. మానసిక గాయం ఎక్కువగా ఉన్నవారిలో, రెండు సంభాషణల మధ్య ఎడం పెరిగినకొద్దీ ఆ తేడాలు పెరిగాయి. ఆశ్రయం కోరి వచ్చేవారి విషయంలో అధికారులు ఏ తేడాలను పట్టుకుని ‘వీడు అబద్ధాలకోరు’ అంటారో, సరిగ్గా ఆ తేడాలే! అంటే ఎక్కువ దెబ్బ తిన్నవాడే ఎక్కువ అబద్ధాలకోరుగా కనిపిస్తాడు. ఇంతకంటే తలకిందులైన త్రాసు ఇంకేముంటుంది?

మన సుప్రీంకోర్టు ఈ సంగతిని మెదడు పరీక్షలేవీ లేకుండానే, లోకజ్ఞానంతో గ్రహించింది. 1983లో గుజరాత్‌కు చెందిన ఒక కేసులో న్యాయమూర్తులు, సాక్షి జ్ఞాపకం ఫోటోవంటిది కాదనీ, చూసినది చూసినట్టు తిరిగి ఆడించే వీడియో టేపువంటిది అంతకన్నా కాదనీ, చిన్నచిన్న తేడాలను పట్టుకుని సాక్ష్యం మొత్తాన్ని తోసివేయరాదనీ చెప్పారు. ఆ మాట చట్టంలో నలభై ఏళ్ళనుంచి ఉన్నది. అయితే కారంచేడు కేసులో సుప్రీంకోర్టు చివరి తీర్పు వచ్చింది 2008 డిసెంబరులో. సంఘటన జరిగి ఇరవై మూడేళ్ళు! ఇంత కాలం సాగే కేసులో ఒక సాక్షి పోలీసులకు చెప్పాలి, న్యాయస్థానంలో చెప్పాలి, ఎదుటి వకీలు అడ్డు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ప్రతిసారీ కాపలావాడు మంచె మీద లేచి నిలబడుతూనే ఉంటాడు. తేదీ తప్పావు, చేతిలో ఉన్నది గొడ్డలో కర్రో తేల్చి చెప్పు అని ప్రతిసారీ గద్దిస్తూనే ఉంటారు. మనసు మార్కాపురం పలక అయితే బాగుండును, తడిగుడ్డతో తుడిచి, కావలసినట్టు గుండ్రటి అక్షరాలతో మళ్ళీ రాసుకోవచ్చు.

ఇప్పుడు మన కొండల దగ్గరికి వద్దాము. వెలిగొండ వద్దనేవారు మన పశ్చిమ ప్రకాశంలో ఎవరూ ఉండరు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్నులు వంగినవారిని చూసినవారెవరూ ఆ మాట అనలేరు. కొల్లంవాగు దగ్గర శ్రీశైలం జలాశయం నుంచి, నల్లమల కింద సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు తవ్వి, 43.5 టి.ఎం.సి. వరదనీరు తెచ్చి, నాలుగున్నర లక్షల ఎకరాలకు, పదిహేను లక్షలమందికి పైగా దాహానికి ఇవ్వాలని ఈ ప్రాజెక్టు లక్ష్యం. 1996లో శంకుస్థాపన అయింది. మొదటి సొరంగం 2021లో, రెండవది 2024లో పూర్తయ్యాయి. 2024 మార్చిలో సొరంగాలను ప్రారంభించినప్పటికి కూడా నిర్వాసితుల ప్యాకేజీ పూర్తి కాలేదు.

ఆ సంవత్సరాలను ఒకసారి లెక్కపెట్టండి. శంకుస్థాపన నాడు ఉయ్యాలలో ఉన్న బిడ్డ ఇప్పుడు బిడ్డల తండ్రి. ముంపు గ్రామంలో ఇల్లు కట్టుకోవాలా వద్దా? బావి పూడిక తీయించాలా? చీనీ తోట వేస్తే కాపుకు వచ్చేదాకా ఊరు ఉంటుందా? సర్వే నాటికి పద్దెనిమిదేళ్ళు నిండనివాడు ఇప్పుడు నిండినవాడే గదా, అతనిని ఒక కుటుంబంగా లెక్కిస్తారా? ఇవన్నీ చిన్న ప్రశ్నలే. కాని జవాబు లేని చిన్న ప్రశ్నల మధ్య ఏళ్ళ తరబడి బ్రతికే మనిషి శరీరం ఎప్పుడూ సగం పరుగుకు సిద్ధంగానే ఉంటుంది. ఇది కత్తిపోటు కాదు, నిలవుండి తినే తుప్పు. ఆస్ట్రేలియాలో శరణార్థులను ఏళ్ళ తరబడి పరిశీలించినవారు ఒక సంగతి గమనించారు. వెనుక పడిన హింస ఎంతటిదన్న దానితోపాటు, వచ్చిన తరువాత స్థిరత్వం దొరికిందా లేదా అన్నది కూడా వారి మానసిక స్థితిని నిర్ణయిస్తున్నది. ఇరాక్ నుంచి వెళ్ళిన మాండియన్లనే చిన్న మతవర్గంవారిలో, తాత్కాలిక అనుమతి స్థానంలో శాశ్వత నివాసపు అనుమతి వచ్చినవారికి నిద్రలేమి, దిగులు, భయం తగ్గినట్టు 2011లో ప్రచురించారు. ఒక కాగితం మీద వేసిన ముద్ర మందులా పని చేసిందన్నమాట.

మన వైపు ఆ కాగితమే రావటం లేదు. పైగా ఈ నీళ్ళకు మరొక వెనుకటి కథ ఉన్నది. శ్రీశైలం జలాశయం నిండటానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో వందకు పైగా గ్రామాలు మునిగాయి. సుమారు లక్షమంది కదలవలసివచ్చింది. కదలనివారి ఇళ్ళను 1981 వేసవిలో ‘ఆపరేషన్ డెమాలిషన్’ అన్న పేరుతో కూలగొట్టారు. పేరు పెట్టినవారికి అది సైనిక చర్యవంటిదని తెలుసునేమో! ఇప్పుడు ఆ మునిగిన ఊళ్ళ మీది నీరే సొరంగంలో దిగి వచ్చి సుంకేసులను ముంచబోతున్నది. శ్రీశైలం వెనుకజలాలలో మునిగిన సంగమేశ్వరం గుడి ప్రతి వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది, కొన్నాళ్ళు పూజలందుకుంటుంది, వానలు రాగానే మళ్ళీ మునుగుతుంది. ఊరు విడిచినవారి జ్ఞాపకం గురించి ఎవరైనా అడిగితే నాకు ఆ గుడే తోస్తుంది.

‘డబ్బులు ఇచ్చారుగా, కాలనీ కట్టిస్తారుగా, ఇంకా ఏమిటి ఏడుపు?’ అనేవారు ఉన్నారు. అమెరికాలోని బోస్టన్ నగరంలో వెస్ట్ ఎండ్ అనే పేదల పేటను పాత ఇళ్ళని చెప్పి పడగొట్టారు. అక్కడినుంచి లేచిపోయినవారిని కలిసి మార్క్ ఫ్రీడ్ అనే మనస్తత్వవేత్త 1963లో ఒక వ్యాసం రాశాడు. మంచి ఇళ్ళలోకి మారినవారిలో కూడా చాలామంది, చనిపోయిన ఆత్మీయుల కోసం ఏడ్చినట్టే పోయిన ఇంటి కోసం ఏడుస్తున్నారని ఆయన చూశాడు. ఇల్లంటే గోడల ఖరీదు కాదని మనకు తెలియని విషయమేమీ కాదు. ఎదురింటి అత్త, వేపచెట్టు కింది అరుగు, చీకట్లో కూడా కాలు తడబడని దారి, అన్నీ కలిపి మన మెదడుకు ‘ఇక్కడ భయం లేదు’ అని చెబుతుంటాయి. కాలనీలో వరుసగా కట్టిన ఒకేలాంటి ఇళ్ళమధ్య ఆ మాట చెప్పేవారు ఉండరు. అందుకని ఒకే వాడవారిని ఒకే వరుసలో ఉంచటం అధికారికి లాటరీ తీసినంత సులువు కాకపోయినా, అది దయ చూపటం కాదు, బాకీ తీర్చటం.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉన్నది. దానిని తేలికగా కొట్టివేయలేము. కన్నీళ్ళు లేకపోయినా నమ్మాలి, మాట మారినా నమ్మాలి అంటే దొంగలకు తలుపు తీసినట్టు కాదా? ఊళ్ళో లేనివాడి పేరు ముంపు జాబితాలో ఎక్కటం, ఉన్నవాడి పేరు ఎగిరిపోవటం ఈ దేశంలో ఎవరికి తెలియదు? నిజమే. అనుమానించటం తప్పు కాదు. అడంగలు చూడండి, రేషన్ కార్డు చూడండి, బడి రిజిస్టరు చూడండి, ఇరుగుపొరుగును అడగండి. మనిషి దుఃఖానికి బయట ఉన్న రుజువులు అవి. బాగా ఏడవగలిగినవాణ్ణి నమ్మి, ఏడవలేనివాణ్ణి అనుమానించటం మాత్రం రుజువు చూడటం కాదు. ఆ పద్ధతిలో దొంగకే లాభం, ఎందుకంటే వాడి కథ బాగా కంఠస్థం చేసినది, ఎక్కడా తడబడదు.

ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. ఇది నావంటివారి వైపునుంచి వచ్చేది. మెదడు, గాయం, వ్యాధి అని ఇంత మాట్లాడాక, ఊరు విడిచినవారందరూ మతి చెడినవారన్న అభిప్రాయం కలిగితే అది మరొక అవమానం. శరణార్థులలో ఈ వ్యాధి పదిమందిలో ఒకరికని కొన్ని పరిశోధనలు, ముగ్గురికని కొన్ని చెబుతున్నాయి. ఏ లెక్క తీసుకున్నా ఎక్కువమంది రోగులు కారు. అలసినవారు, దుఃఖంలో ఉన్నవారు, కోపంగా ఉన్నవారు. ఈ రోగులలో హిప్పోక్యాంపస్ కొంచెం చిన్నదిగా ఉంటుందని కనిపెట్టినప్పుడు భయమే దానిని కుదించిందని అనుకున్నారు. 2002లో కవలల మీద జరిగిన పరిశోధనలో, యుద్ధానికి పోని కవల సోదరుడికి కూడా అది చిన్నదిగానే ఉన్నట్టు కనబడింది. కాబట్టి మెదడు చిత్రాలను చూసి తొందరపడి తీర్పులు చెప్పటం కూడా ఒక రకమైన ముఖం చూసి తూచటమే. కలెక్టరు కార్యాలయం ముందు ధర్నా కూర్చున్న నిర్వాసితుడి కోపం రోగలక్షణం కాదు. అతనికి మాత్ర ఇచ్చి ఇంటిస్థలం ఇవ్వకపోతే, ఆ వైద్యం అతనికి జరిగిన అన్యాయానికి తోడయినట్టే.

నిజంగా వైద్యం కావలసినవారికి అది ఉన్నది. ఉగాండాలోని శిబిరంలో ఉన్న సూడాన్ శరణార్థులు 43 మంది మీద జర్మనీలోని కాన్‌స్టంజ్ విశ్వవిద్యాలయం వారు ఒక పద్ధతిని పరీక్షించి 2004లో ప్రచురించారు. ఆ పద్ధతిలో మనిషి తన జీవితాన్ని పుట్టిననాటినుంచి వరుసగా చెప్పుకుంటూ వస్తాడు. నేలమీద ఒక తాడు పరుస్తారు. మంచి రోజు వచ్చినచోట ఒక పువ్వు, చెడ్డ రోజు వచ్చినచోట ఒక రాయి పెడతారు. వినేవాడు తొందరపెట్టడు, తప్పు పట్టడు, రాసుకుంటాడు, తరువాతిసారి చదివి వినిపిస్తాడు. కరణం చేతినుంచి ఆనాడు జారిన కలాన్ని మళ్ళీ చేతికి ఇవ్వటమన్నమాట. ఏడాది తరువాత చూస్తే, ఈ పద్ధతిలో చెప్పుకున్నవారిలో పదిమందికి ముగ్గురిలోనే వ్యాధి మిగిలింది. కేవలం ఓదార్పు మాటలు విన్నవారిలో పదికి ఎనిమిదిమందిలో మిగిలింది. ఆ తరువాత చేసిన ప్రయత్నంలో శరణార్థులకే శిక్షణ ఇచ్చి ఈ పని చేయించారు, అదీ ఫలించింది. మన రాష్ట్రంలోనైతే 2022 అక్టోబరులో మొదలైన ‘టెలి మానస్’ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర పట్టనివారికి ఈ నంబరు చెప్పండి.

జాగ్రత్తగా చూడండి, చెప్పుకోవటం అన్న పని ఒక్కటే. నమ్మేవాడి ఎదుట వరుసగా చెబితే గాయం మానుతున్నది. అనుమానించేవాడి ఎదుట ముక్కలు ముక్కలుగా పదిసార్లు చెబితే మళ్ళీ రేగుతున్నది. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో ఎడారికి పారిపోయి, చావు కోరుతూ చెట్టు కింద పడుకున్నప్పుడు, దేవదూత అతనిని తట్టిలేపి పెట్టింది రొట్టె, నీళ్ళు. మళ్ళీ నిద్రపోనిచ్చి, మళ్ళీ లేపి పెట్టాడు. ‘ఇక్కడేమి చేస్తున్నావు’ అన్న ప్రశ్న వచ్చింది నలభై రోజుల నడక తరువాత. మనం మాత్రం ముందు ప్రశ్న వేస్తాము. జవాబు నచ్చితే రొట్టె.

వెలిగొండ గ్రామాలు పూర్తిగా ఖాళీ అయ్యే రోజు వస్తుంది, ఎప్పుడన్నది ఎవరూ చెప్పకపోయినా. ఆ లోపల చేయదగిన పనులు ఉన్నాయి. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునేవారు ఒకేసారి పూర్తిగా రాసుకుని, ఆ ప్రతిని ఇంటివారి చేతికి ఇవ్వాలి, మరొక అధికారి వచ్చి మళ్ళీ మొదటినుంచి చెప్పమనకుండా. తేదీ చెప్పినవారు ఆ తేదీకి కట్టుబడాలి. కాలనీలో ఎవరి పక్కన ఎవరు ఉండాలో వారినే అడగాలి. ఇక శ్మశానాల సంగతి. పునరావాసపు కాలనీలో ఆయా కులాలకు, మతాలకు తగిన శ్మశానం ఉండాలని 2013 భూసేకరణ చట్టం మూడవ షెడ్యూలులో రాసి ఉన్నది. అది రేపు చనిపోయేవారి కోసం. సుంకేసులలో, కలనూతలలో ఇప్పటికే మట్టిలో ఉన్నవారిమీదికి నీరు వచ్చే ముందు, వారి దగ్గరికి చివరిసారి పోయి కూర్చోవటానికి ఒక రోజు కావాలని ఆ ఇళ్ళవారు అడిగితే, ఏ కాలమ్‌లో రాసుకోవాలో ఆ అధికారికి ఇప్పుడే చెప్పి పంపటం మంచిది. అడిగేవారు ఆ రోజు ఏడవకపోవచ్చు.